పదకొండు మందిని గట్టెక్కించిన కుర్చీ

పిల్లల పేదరికం పోవాలంటే ఏం కావాలి? పాలా? మందులా? తండ్రులకు పనులా? బడికి పైకప్పా? అవేవీ అక్కర్లేదండీ. ఒక ప్లాస్టిక్ కుర్చీ చాలు!

నవ్వకండి. కళ్ళారా చూసి చెబుతున్నాను. మా వరసలో ఎనిమిది గదులు, పదకొండు మంది పిల్లలు. ఒకే ఒక్క ఎర్ర కుర్చీ, అదీ ఒక కాలు విరిగినది, ఆ పదకొండు మందినీ పేదరికంలోంచి లాగి అవతల పడేసింది. పొద్దున పదింటికి మొదలుపెట్టి భోజనాల వేళకు ముగించింది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ఏళ్ళ తరబడి మీటింగులు పెట్టుకున్నా తెమలని పని అది!

నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. ఇంట్లో నేల మీద కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టుకునేదాన్ని. అయినా ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికి డిగ్రీలు కావాలా ఏమిటి? అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను.

మా వీధి మలుపులో పెద్ద బ్యానరు కట్టారు. అందులో ఒక పాప నవ్వుతూ ఉంటుంది. ఎంతెంత బుగ్గలనీ! మా అత్తయ్య అటు వెళ్ళినప్పుడల్లా ఆగి చూసి, "ఈ పిల్లకి వాళ్ళమ్మ ఏం పెడుతుందో కనుక్కోవే" అంటుంది. పాప కాళ్ళ కింద పెద్ద అక్షరాలు: "పిల్లల పేదరికాన్ని తగ్గించడానికి ప్రభుత్వం కట్టుబడి ఉంది."

కట్టుబడి ఉంది! తొమ్మిదో తరగతికి వెళ్ళి ఉంటే ఈ మాటకు అర్థం చెప్పేవారేమో. నాకు తెలిసినంతలో, కట్టేస్తే కదా కట్టుబడి ఉండేది? పాపం, ఎవరు కట్టేశారో, ఏ గుంజకు కట్టేశారో! గుంజకు కట్టేసిన దూడని "మా ఇంటికి ఎందుకు రాలేదే" అని ఎవరైనా నిలదీస్తారా? మరి ఇన్నేళ్ళుగా ఒక్కచోటే కట్టుబడి ఉన్న ప్రభుత్వాన్ని "మా వీధికి ఎందుకు రాలేదు" అని అడగడం ఏం న్యాయం? అడగకూడదు. వీలైతే వెళ్ళి కాస్త గడ్డి వేసి రావాలి.

మా ఆయన తాపీమేస్త్రీ. ఆయనకు ఈ మాటకు వేరే అర్థం తెలుసు. వాళ్ళ పనిలో గోడ లేపడాన్ని కట్టుబడి అంటారు. బ్యానరు కింద నిలబడి, తల పైకెత్తి, గోడ నిటారుగా ఉందో లేదో సాహుల్ గుండు వేలాడదీసి చూసినట్టు చూశాడు.

"కట్టుబడి అయ్యాక వారం రోజులు నీళ్ళు కొట్టాలే. లేకపోతే వేలు పెడితే రాలిపోతుంది. వీళ్ళ కట్టుబడికి ఎవడూ నీళ్ళు కొట్టినట్టు లేడు" అన్నాడు.

మేస్త్రీ మాటలకేం గానీ, మనం కుర్చీ దగ్గరికి వద్దాం. దానికంటే ముందు మా బుడ్డిది.

మా బుడ్డిదానికి నాలుగేళ్ళు. నాకు భయం కొంచెం ఎక్కువని మా వరసలో అందరూ అంటారు. అది తుమ్మితే నుదురు పట్టుకుంటాను, తుమ్మకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. పిల్లల కేంద్రంలో టీచరమ్మ నెలకోసారి పిల్లల జబ్బకు ఒక టేపు చుడుతుంది. దాని మీద మూడు రంగులు. ఆకుపచ్చ వస్తే ఇంటికెళ్ళి హాయిగా ఉండొచ్చు. పసుపు వస్తే నాలాగా ఉండాలి. ఎరుపు వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. మా బుడ్డిది ఒకప్పుడు ఎరుపు అంచుమీద ఉండేది. కేంద్రంలో రోజూ ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు పెట్టగా పెట్టగా, ఆరు నెలలకు పసుపు చివరికి వచ్చింది. ఆకుపచ్చకు ఇంకా రెండు గీతల దూరం. రెండే రెండు గీతలు! ఆ టేపు చుట్టిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టేదాన్ని, బుడ్డిదేమో నాకేసి చూసి తనూ బిగబట్టేది. "మీరిద్దరూ గాలి వదలండమ్మా, కొలత తప్పుతుంది" అనేది టీచరమ్మ.

ఆ సమయంలో వచ్చాడు సర్వే ఆయన.

మంచి మనిషి. నడివయసు. ఎండలో నడిచి నడిచి మోకాళ్ళు పట్టుకుపోయాయి. చేతిలో టాబ్లెట్. "పిల్లలున్న ఇళ్ళ సర్వే అమ్మా, పది నిమిషాలు" అన్నాడు గుమ్మంలో నిలబడి.

అంతే, మా అత్తయ్యకు ఒంటి మీద తేళ్ళు పాకాయి.

"ఏమే, వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడిస్తావా? పరుగెత్తు, ఇస్త్రీ తాత దగ్గర కుర్చీ పట్రా!"

"ఫర్వాలేదమ్మా, నిలబడతాను" అన్నాడాయన.

"నువ్వు నిలబడగలవు నాయనా. నిన్నలా చూస్తూ నేను కూర్చోలేను."

ఇస్త్రీ తాత మా వరస చివర రేకు పందిరి కింద బట్టలు ఇస్త్రీ చేస్తాడు. పనంతా నిలబడే చేస్తాడు. కుర్చీ ఏమో బట్టల కోసం వచ్చి ఎదురుచూసేవాళ్ళకి. దాని కాలు ఒకటి విరిగితే మా ఆయనే ఇనుప తీగ చుట్టి బిగించాడు. అంటే చూశారా, ఆ కుర్చీ కూడా ప్రభుత్వం లాగే కట్టుబడి ఉంది!

తెచ్చి వేశాను. ఆయన "అమ్మయ్య" అంటూ కూర్చున్నాడు. ప్రశ్నలు మొదలు.

"నీళ్ళ కుళాయి?"

"లోపల లేదండీ. బయట అందరికీ కలిపి ఒకటి."

"కిటికీ?"

"ఒకటుందండీ. తెరుచుకోదు."

"ఉంది" అని నొక్కాడు. "కుర్చీ?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే కిందికి చూసుకుని నవ్వాడు. "దీని మీద కూర్చునే అడుగుతున్నాను చూడండి!" టాబ్లెట్ టిక్కుమంది.

"అది కాదండీ..." అనబోయాను. అత్తయ్య మోచేత్తో డొక్కలో పొడిచింది. ఇంటికొచ్చిన మనిషి ముందు "అది మాది కాదు, అరువు తెచ్చాం" అని ఏ ముఖంతో చెప్పడం?

"ఎందుకుండదు నాయనా, కుర్చీ లేని కొంప ఉంటుందా?" అని ఆయనతో అని, నా వైపు తిరిగి, "ఏమే, ఉందా లేదా?" అంది.

నేను తల ఊపాను.

ఎనిమిదో తరగతి దాకా నన్ను మాస్టార్లు ఎన్ని ప్రశ్నలు అడిగారో, ఎన్నిటికి తల ఊపానో లెక్కలేదు. ఏ తల ఊపుడుకూ ఇంత ఫలితం రాలేదు.

ఆయన లేచాడో లేదో పక్క గది పిన్ని గుమ్మంలో సిద్ధంగా ఉంది. "నెక్స్ట్ మా ఇంటికే కదా, ఆ కుర్చీ ఇలా పడెయ్యి." ఆయన కంటే ముందు కుర్చీ వెళ్ళింది. మూడో గదికీ అంతే, నాలుగో గదికీ అంతే. ఎనిమిది గదుల్లో ఎనిమిది ఎర్ర కుర్చీలు, ఎనిమిదింటికీ అదే కాలు విరిగి, అదే తీగ! ఆయనకు అనుమానం రాలేదా అంటారా? ఆయన టాబ్లెట్ వైపు చూస్తున్నాడు. టాబ్లెట్ కుర్చీ వైపు చూడదు.

నెల తిరక్కుండా ఫోనుకు మెసేజ్ వచ్చింది. "అభినందనలు! మీ చిన్నారి పేదరికం నుండి విముక్తి పొందినది."

అత్తయ్య నాచేత మూడుసార్లు చదివించింది. "విముక్తి పొందిందా? ఎప్పుడు పొందింది? ఇంట్లోనే ఉన్నాం కదే, చూడలేదే!" అని బుడ్డిదాని వైపు తిరిగింది. విముక్తి పొందిన చిన్నారి మూలన కూర్చుని ఖాళీ పాలగిన్నె మూత నాకుతోంది.

మరునాడు కేంద్రానికి వెళితే టీచరమ్మ కళ్ళు దించుకుంది. "ఏం చెయ్యనమ్మా, ఇంట్లో కుర్చీ ఉందని సర్వేలో వచ్చిందట, లిస్టులో పేరు తీసేశారు. పేరు లేని పిల్లకి గుడ్డు పెడితే నా మీదకొస్తుంది." మా వరస పిల్లలు పదకొండు మందికీ అదే మాట. ఇప్పుడు గుడ్లు పంచే వేళకు వాళ్ళను బయటికి పంపి ఆడుకోమంటారు. మరి కలవారి పిల్లలు ఆడుకోవాలి కదా! మా బుడ్డిది గోడ పక్కన నిలబడి, లోపల గుడ్డు పెంకు కొట్టే చప్పుడు వింటూ ఆడుకుంటుంది.

నెలాఖరుకు టేపు చుట్టారు. ఒక గీత వెనక్కి వచ్చింది. లిస్టు ప్రకారం పేదరికం తగ్గింది, జబ్బ ప్రకారం జబ్బ తగ్గింది. ఆ టేపు ఇంకా పాత పద్ధతిలోనే కొలుస్తోందండీ. దానికి కుర్చీ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు!

అయినా ఒక పిల్ల జబ్బ పట్టుకుని ఇంత గొప్ప పద్ధతిని తక్కువ చేస్తామా? ఆలోచించండి. ఒక విరిగిన కుర్చీ ఒక్క పూటలో పదకొండు మందిని గట్టెక్కించిందంటే, విరగని కుర్చీ ఎంతమందిని గట్టెక్కించాలి? ఒక సోఫా లారీలో పెట్టి ఊరూరా తిప్పితే? పిల్లలు దాని మీద అలా కూర్చుని ఇలా దిగితే చాలు, నేరుగా పెద్దింటి బిడ్డలైపోరూ? ఆసుపత్రిలో డాక్టరుగారు కూడా ఇకమీదట మందుల చీటీ మీద "స్టూలు, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, భోజనానికి బదులు" అని రాయొచ్చు.

నేనే ముందు అమలు చేద్దామని, నాకు కాజాల పని ఇచ్చే మేస్త్రీ దగ్గర ప్రయత్నించాను. కాజాలు కుట్టకుండానే చొక్కాలు మడతపెట్టి ఇచ్చి, "కాజాలు లేని చొక్కాలు లిస్టులోంచి తీసేశానండీ, ఇక మిగిలినవన్నీ పూర్తయినట్టే" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంట్లో అంతా బాగున్నారా అమ్మా?" అన్నాడు. చూశారా, ప్రభుత్వానికి ఉన్న తెలివి బట్టల షాపులకు ఇంకా రాలేదు!

ఇంత మెచ్చుకుంటూనే, తల్లిని కదా, మనసు ఆగక సర్వే వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను.

ఆ గదిలో నాలుగు కుర్చీలు. ఒకదాని మీద సారు. ఒకదాని మీద ఫైళ్ళు. ఒకదాని మీద సారుగారి అన్నం క్యారేజీ. నాలుగోది చక్రాలది, ఖాళీగా ఉంది. "అది పెద్దసారుది, ముట్టుకోకు" అన్నాడు అటెండరు. అంటే ఆ ఆఫీసులో ఫైళ్ళూ క్యారేజీ కూడా పేదరికం నుంచి బయటపడ్డాయన్నమాట! నేనొక్కదాన్నే బుడ్డిదాన్ని చంకనేసుకుని నిలబడ్డాను.

"ఇంతకీ కుర్చీ ఉందా, లేదా?" అన్నాడు సారు.

"మాది కాదండీ. ఇస్త్రీ తాతది."

"ఎవరిదని అడగలేదమ్మా. ఇంట్లో ఉందా అని అడిగాం."

"అప్పుడు ఉందండీ. ఇప్పుడు లేదండీ."

"అంటే అప్పుడు లేని పేదరికం ఇప్పుడు వచ్చిందా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "పేదరికం పెరిగింది అని రాయడానికి ఫారంలో కాలమ్ లేదమ్మా. మేం తగ్గించడానికి మాత్రమే కట్టుబడి ఉన్నాం."

కుర్చీ లేనట్టు ఆధారం తెమ్మన్నాడు. లేనిదానికి ఆధారం ఎలా తేవాలి? గదంతా ఫోటో తీయించి తెచ్చాను. ఆయన ఫోనును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇది పై నుంచి తీసినట్టుందే. తీసినవాళ్ళు కుర్చీ ఎక్కి తీసుండొచ్చు కదా?"

"మా ఆయన పొడుగండీ."

"పొడుగని ఆధారం?"

ఆ మర్నాడు మా ఆయన్ని పని మాన్పించి తీసుకెళ్ళి తలుపు పక్కన నిలబెట్టాను. సారు ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, పొడుగేనని ఒప్పుకున్నాడు. "కానీ మళ్ళీ సర్వే రెండేళ్ళకి గానీ రాదమ్మా."

"అప్పటికి మా పిల్లకి ఆరు నిండుతాయండీ. గుడ్డు ఆరేళ్ళ లోపు వాళ్ళకే కదండీ."

"మరింకేం! అప్పటికి మీకు ఈ సమస్యే ఉండదు" అన్నాడు, మంచి వార్త చెప్పినట్టు.

నేను కదల్లేదు. మర్నాడూ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. వెళ్ళడం, నిలబడటం. నాకు అంతకంటే చేతనైంది లేదు. అయిదో రోజు సారు పెన్ను కింద పెట్టేశాడు. "అబ్బ, నువ్వలా నిలబడి ఉంటే నాకు పని సాగట్లేదమ్మా. ఫిర్యాదు రాసివ్వు, మనిషిని పంపిస్తాను." ఆయనకూ మా అత్తయ్య జబ్బే కొంచెం ఉన్నట్టుంది, మనిషి నిలబడి ఉంటే చూడలేడు. మందు మాత్రం వేరు. అత్తయ్య కుర్చీ వేస్తుంది, ఆయన ఇంటికి పంపించేస్తాడు.

ఇక మా వరసలో ఏర్పాట్లు చూడాలి! కూర్చోవడానికి వీలైనదేదీ కంటపడకూడదు. బకెట్టు బోర్లించి ఉంటే దాని మీద కూర్చుని "స్టూలు ఉంది" అని రాసుకుంటాడేమోనని నిండా నీళ్ళు పట్టి పెట్టాను. బట్టల పెట్టె పిన్ని గదిలోకి, పరుపు చుట్ట ఇస్త్రీ తాత పందిరిలోకి. ఎర్ర కుర్చీ తాత ఇస్త్రీ బల్ల వెనక, దుప్పటి కింద. అత్తయ్యను బతిమాలాను.

"అత్తయ్యా, ఈ ఒక్కసారికీ నోరు కట్టేసుకోండి."

"కట్టుబడి ఉంటాలేవే" అంది అత్తయ్య.

వచ్చింది ఆ సర్వే ఆయనే. ఈసారి కుంటుతున్నాడు. మోకాలికి గట్టిగా పట్టీ కట్టాడు. ఇంత కథలో నిజంగా కట్టుబడి పనిచేస్తున్నది ఆ మోకాలొక్కటేనేమో! గోడకు చెయ్యి ఆనించుకుని, గదంతా ఒకసారి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. అత్తయ్య పెదవులు బిగించి, పాపం, ఆయన మోకాలి వంకే చూస్తోంది. తన మోకాలే నొప్పెట్టినట్టు రుద్దుకుంటోంది. ఒక్క నిమిషం. ఇంకొక్క నిమిషం ఆయన నిలబడితే చాలు.

అప్పుడు వినపడింది, వరండాలో గరగరమని.

మా బుడ్డిది! తాత బల్ల వెనక నుంచి కుర్చీని లాక్కొస్తోంది. దానికంటే కుర్చీయే పెద్దది. రెండు అడుగులు వేస్తుంది, ఆగి రొప్పుతుంది, మళ్ళీ లాగుతుంది. ఆ పుల్లల్లాంటి చేతులతో, గుమ్మం దాటించి, ఆయన ముందు పెట్టి, "కూర్చో మామయ్యా" అంది.

తప్పెవరిది? పుట్టినప్పటి నుంచీ వాళ్ళ నాయనమ్మ చెప్పింది ఒకటే కదా, వచ్చినవాళ్ళను నిలబెట్టకూడదని.

ఆయన కుర్చీ వంక చూశాడు. కాలికి చుట్టిన తీగ వంక చూశాడు. వంగి దాన్ని వేలితో తాకాడు.

"ఈ తీగ... అమ్మా, నేను ఎనిమిది ఇళ్ళలో కూర్చున్నది దీని మీదేనా?"

నేను తల ఊపాను. ఈసారి ఎవరూ మోచేత్తో పొడవకుండానే.

ఆయన బుడ్డిదాన్ని రెండు చంకల కింద పట్టుకుని ఎత్తి, "నాకెందుకు తల్లీ, నువ్వు కూర్చో" అని కుర్చీలో కూర్చోబెట్టాడు. గోడకు ఆనుకుని, నిలబడే, టాబ్లెట్ నొక్కాడు. "లేదు" అని.

"మీ ఒక్క ఇంటికే రాయగలనమ్మా. ఫిర్యాదు మీదొక్కటే వచ్చింది" అన్నాడు వెళుతూ.

దాంతో మా వరసలో ఒక పిల్ల మళ్ళీ పేదదయ్యే అవకాశం వచ్చింది. పది మంది ఇంకా కలవారే. పిన్ని నా మీద అలిగింది. "నీ కూతురు ఒక్కదానికే కుర్చీ లేదా? మేమంతా సింహాసనాల మీద కూర్చున్నామా?" అంది. ఇప్పుడు ఆమె ఫిర్యాదు నేనే రాసి పెడుతున్నాను, మిగతా ఆరిళ్ళవీ. నా దానికి మాత్రం మెసేజ్ వచ్చింది: "పరిశీలనలో ఉన్నది." రోజూ చూస్తాను. రోజూ పరిశీలనలోనే ఉంటుంది. టేపు పరిశీలించడానికి మాత్రం ఒక్క నిమిషం పడుతుంది. మొన్న ఇంకో గీత వెనక్కి వచ్చింది.

కాబట్టి మొదట చెప్పిన మాటకే నేను కట్టుబడి ఉన్నాను. పిల్లల పేదరికం పోవడానికి కుర్చీ చాలు. కుర్చీకి ఉన్న శక్తి అందులో కూర్చున్నవాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియదు. వాళ్ళకు తెలియబట్టే కదా, ఎన్నికలు వచ్చేసరికి దాని కోసం అంత కొట్టుకుంటారు!

అవునండీ, ఎన్నికలు వచ్చాయి. మలుపులో బ్యానరు మార్చారు. పాప అదే, బుగ్గలవే, మాట కూడా అదే. ముందు "మరింత" అని చేర్చారు. మరింత కట్టుబడి ఉన్నారట. నిన్న పొద్దున ఆ బ్యానరు కట్టించిన మనిషే మా వరసకు వచ్చాడు, వెంట పదిహేను మంది. ఒకడు ముందుకు వచ్చి, "అమ్మా, అన్న మీతో మాట్లాడతాడు, ఒక కుర్చీ వెయ్యండి" అన్నాడు.

నేను అత్తయ్య వైపు చూశాను. వచ్చిన మనిషిని జన్మలో ఎప్పుడూ నిలబెట్టని మనిషి ఆమె.

"మా ఇళ్ళలో కుర్చీల్లేవు నాయనా. కావాలంటే సర్వే చేయించుకో" అంది అత్తయ్య. "అయినా ఎన్నికల్లో నిలబడతామనే కదా వచ్చారు? నిలబడండి."

అంతలో వరండాలో గరగరమని చప్పుడు. మా బుడ్డిది! రెండు అడుగులు, రొప్పు, మళ్ళీ రెండు అడుగులు. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఎర్ర కుర్చీ తెచ్చి సరిగ్గా ఆయన ముందు పెట్టింది. "ఎంత బుద్ధిమంతురాలో!" అంటూ ఆయన పంచె సర్దుకుని కూర్చోబోయాడు.

బుడ్డిది ఆయన్ని పక్కకు నెట్టి, కుర్చీ ఎక్కి, కాళ్ళు ఊపుకుంటూ తనే కూర్చుంది.

"ఇది నాది. మామయ్య చెప్పాడు" అంది. తర్వాత ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి అడిగింది: "గుడ్డు తెచ్చావా?"